చిన్నోడిని అప్పగించడం: ఒక తల్లి కంటి ఆపరేషన్ కోసం చేసిన ఏర్పాటు

ఈ కేసు మా దగ్గరికి వచ్చింది తల్లి కళ్ళ గురించి. కుషాయిగూడలో ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని ఫాల్, పికో, బ్లౌజులు కుట్టే 58 ఏళ్ళ ఆమె. రెండు కళ్ళలోనూ శుక్లాలు, కుడి కంట్లో బాగా ముదిరింది. షుగర్ కూడా ఉంది. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తాం రమ్మన్నారు. దసరా పోనీ అంది, సంక్రాంతి పోనీ అంది, తర్వాత ఎండలు తగ్గనీ అంది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి అమ్మాయిని పిలుస్తూ ఉండేది. ఆ అమ్మాయే మా ట్రస్టుకు ఫోన్ చేసింది.

మంచాన ఉన్నవాళ్ళనూ, వాళ్ళను చూసుకునేవాళ్ళనూ ఇళ్ళకు వెళ్ళి కలిసే చిన్న సంస్థ మాది. నేను అందులో సోషల్ వర్కర్‌ని. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆపరేషన్ ఎందుకు వాయిదా పడుతోందో ఇంట్లో అడుగు పెట్టగానే తెలిసిపోయింది. ఆమె కొడుక్కి 32 ఏళ్ళు. పుట్టినప్పటి నుంచీ సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళూ చేతులూ నాలుగూ బిగుసుకుని ఉంటాయి. మేధో వైకల్యం ఉంది, ఫిట్స్ వస్తాయి. మాటలు రావు, నాలుగైదు రకాల శబ్దాలు చేస్తాడు. ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ అతను చిన్నోడే. చిన్నతనంలో బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఉన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థకు థెరపీ కోసం ఎత్తుకుని తిరిగారు. పెద్దవాడయ్యాక ఎత్తుకునే వీల్లేక ఆగిపోయింది. చర్లపల్లి వైపు ఫ్యాక్టరీలో పనిచేసే భర్త కొన్నేళ్ళ కిందట పోయాడు. కూతురు పెళ్ళయి నిజామాబాద్‌లో ఉంది, మరిది ఉప్పల్‌లో. రాబడి అంటే కుట్టు పని, కొడుకు పేరున వచ్చే వికలాంగుల పెన్షన్ 4,016 రూపాయలు.

చిన్నోడిని మంచం మీంచి కుర్చీలోకి ఆమె ఎలా మారుస్తుందో చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దాని మీదే ఆధారపడింది. ముందు అతని మోకాళ్ళ కింద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచుతుంది, లాగదు. కండరాలు వదులయ్యాక కాళ్ళు మెల్లగా మంచం అంచుకు తెస్తుంది. తన ఎడమ మోకాలు మంచం పట్టెకు ఆనించి, అతని చేతులు తన మెడ చుట్టూ వేసుకుని, ఛాతీకి హత్తుకుని ఒక్క ఊపున తిప్పి కూర్చోబెడుతుంది. 46 కిలోల మనిషి. నేను చూస్తుండగానే వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఈ రకం సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళలో చాలామంది చప్పుడుకు ఒళ్ళంతా ఉలిక్కిపడతారు, చేతులు విసురుగా బయటికి పోతాయి. మోచెయ్యి సరిగ్గా ఆమె చెంపకు తగిలింది. "అలవాటేలే బిడ్డా" అంది, పట్టు వదలకుండానే.

శుక్లాల ఆపరేషన్ మామూలుగా అదే రోజు ఇంటికి పంపించేసేంత చిన్నది. కష్టమంతా ఆ తర్వాతి వారాలదే. బరువులు ఎత్తకూడదు, తల కిందికి వంచి పనులు చేయకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు, కంటికి దెబ్బ తగలకూడదు. చిన్నోడికి స్నానం చేయించడమంటే ఈ నాలుగూ ఒకేసారి చేయడం. ఆమె వాయిదా వేస్తోందని ఆసుపత్రిలో విసుక్కున్నారట. ఆమె లెక్క తప్పేమీ కాదు. ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చి మొదటి రోజే చేయి తగిలించుకుంటే ఉన్న చూపూ పోయే ప్రమాదం ఉంది.

చూసుకునేవాళ్ళ భారాన్ని అంచనా వేయడానికి మేం జారిట్ ప్రశ్నావళి వాడతాం. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, మొత్తం 88. కాగితం చేతికివ్వకుండా కబుర్లలో పెట్టి అడుగుతాం. ఆమెకు 57 వచ్చింది. అయితే నేను మొత్తం కన్నా మార్కులు ఎక్కడ పడ్డాయో చూస్తాను. వాడి మీద కోపం వస్తుందా, నలుగురిలో సిగ్గనిపిస్తుందా అన్నవాటికి సున్నా. ముందు ముందు ఏమవుతుందోనని భయమా అంటే నాలుగు. వాడికి ఇంకా ఎక్కువ చేయాల్సిందని అనిపిస్తుందా అంటే, అసలు ప్రశ్న పూర్తి కాకముందే నాలుగు. ఇంకా చేయాల్సింది మిగిలిపోయిందనుకునే మనిషితో కాస్త రెస్ట్ తీసుకోమ్మా అంటే చెవికెక్కదు. "నాకేం రెస్ట్ బిడ్డా, వానికేమన్న మంచి చెయ్యుండ్రి" అంది. ఇలాంటి ఇళ్ళలో ఈ మాట ఎంత తరచుగా వింటామంటే, నేను రెస్ట్ అనడమే మానేశాను. ఫైల్లో లక్ష్యం ఇలా రాసుకున్నాం: కుడి కంటికి ఆపరేషన్ జరగాలి, ఆ తర్వాత నాలుగు వారాలు చిన్నోడి బరువు తల్లి మీద పడకూడదు.

ఎవరికి, ఎక్కడ

నగరంలో మంచాన ఉన్నవాళ్ళను చూసుకునేవాళ్ళకు నిజంగా సెలవు దొరికేది పేషెంట్ ఐసీయూలో ఉన్నప్పుడే. లోపలికి రానివ్వరు కాబట్టి. మిగతా రోజుల్లో ఏం దొరుకుతుందో చూద్దాం.

వృద్ధాశ్రమాలు వయసు చూసి వద్దన్నాయి. ఇంటికి మనుషుల్ని పంపే బ్యూరోల నుంచి 24 గంటల మనిషి దొరుకుతాడు కానీ ఆ రేటు ఆ ఇంటికి అందదు. అందినా, బ్యూరో మనుషులు మారిపోతూ ఉంటారు. ముసలివాళ్ళను పట్టుకోవడం వచ్చినంత మాత్రాన బిగుసుకుపోయిన కాళ్ళు పట్టుకోవడం రాదు. త్వరగా కానిద్దామని లాగితే ఇంకా బిగుస్తాయి. కూతురు వారం రోజులు వస్తానంది, అంతకన్నా కుదరదు. ఇద్దరు పిల్లల స్కూలు.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం వచ్చింది. దాని కింద కొద్దికాలం ఉంచుకునే వసతి కోసం సమర్థ్ పథకం, జీవితకాలం ఉండే వసతి కోసం ఘరోందా పథకం తెచ్చారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం కావలసినవాళ్ళకు కేర్‌గివర్ అలవెన్స్, అంటే చూసుకునే మనిషి కోసం ఇచ్చే భత్యం, మాట కూడా ఉంది. ఈ ఇంటికి చేతికందుతున్నది మాత్రం పెన్షన్ ఒక్కటే. ఇంగ్లండ్‌లో 2014 కేర్ యాక్ట్ ప్రకారం చూసుకునే మనిషికి ఏం కావాలో స్థానిక ప్రభుత్వం విడిగా అంచనా వేయాలి. మేం నింపే ఫారాల్లో తల్లి పేరు రాసేది చిరునామా పక్కన మాత్రమే, ఆమెకేం కావాలో రాసే గడి ఉండదు.

మేం అడిగిన చోట్లలో ఘట్‌కేసర్ దాటాక ఉన్న ఒక చిన్న హోమ్ ఒప్పుకుంది. మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళు ఉండే చోటు. కొద్ది రోజులకని వచ్చేవాళ్ళకు రెండు మంచాలు విడిగా పెట్టుకున్నారు. వాళ్ళు అడిగిన మొదటి కాగితం గార్డియన్‌షిప్ సర్టిఫికెట్. 18 నిండాక తల్లైనా సరే, చట్టం దృష్టిలో సంరక్షకురాలు కావాలంటే జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ ఇంటికైతే మేడ్చల్ మల్కాజిగిరి కలెక్టరేట్. "కన్నది నేను, నాకు మల్ల కలెక్టర్ రాసియ్యాల్నా?" అని ఆమె నవ్వింది. ఈ నవ్వు మేం చాలా ఇళ్ళలో చూశాం. బ్యాంకులోనో ఆసుపత్రిలో సంతకం దగ్గరో పని ఆగిపోయేదాకా ఈ సర్టిఫికెట్ గురించి ఎవరికీ తెలియదు. దరఖాస్తు పెట్టించాం. దాంతో పాటే నిరామయ ఆరోగ్య బీమాకూ పెట్టించాం. ముందస్తు వైద్య పరీక్షలు లేకుండా లక్ష రూపాయల దాకా వర్తించేది అది. ఈలోగా యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), తల్లి రాసిచ్చిన హామీ పత్రం చూసి తాత్కాలికంగా ఉంచుకోవడానికి హోమ్ వాళ్ళు ఒప్పుకున్నారు.

అడ్డు పడింది మరిది. "మా అన్న కొడుకును అనాథాశ్రమంల ఏస్తవా వదినా? మేం సచ్చినమనుకున్నవా?" అని ఫోన్‌లోనే గొంతు పెంచాడు. నేను ఉప్పల్ వెళ్ళి కూర్చున్నాను. వాదించలేదు. ఆపరేషన్ తర్వాత నాలుగు వారాల కాగితం ముందు పెట్టి, ఎవరు ఏ రోజు పొద్దున వచ్చి స్నానం చేయిస్తారో మీరే రాయండి అన్నాను. ఆయన మంచివాడు. మూడు రోజుల గడుల్లో తన పేరు రాసి, తర్వాత గడులన్నీ చూసి పెన్ను కింద పెట్టాడు. హోమ్‌కు తనే వచ్చి చూసి వెళ్ళాడు. అక్కడి వంటామెది వాళ్ళ అత్తగారి ఊరేనని తేలాక ఆయన టెన్షన్ సగం తగ్గింది. మన దగ్గర నమ్మకం చాలాసార్లు ఇలాంటి దారినే వస్తుంది, నాకు దానితో పేచీ లేదు.

మొదటి రాత్రి

నెల ముందు రెండు రాత్రుల ట్రయల్ పెట్టాం. ఆటోలో తల్లీకొడుకులు వెళ్ళారు, బట్టలు, మందులు, దుప్పటి తీసుకెళ్ళారు. సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు. రాత్రి అన్నం పెడితే ముద్ద లోపలికి పోనివ్వలేదు, పళ్ళు బిగించాడు. రెండోసారి పెడితే పొలమారింది. మందు కూడా ఉమ్మేశాడు. ఫిట్స్ మందు ఒక పూట తప్పినా ప్రమాదమని వాళ్ళు తల్లికి ఫోన్ చేశారు. ఆమె రాత్రికి రాత్రే ఇంకో ఆటో కట్టించుకుని వెళ్ళి, తన చేత్తో మందు మింగించి, తెల్లారగానే ఇంటికి తీసుకొచ్చేసింది. "సూసినవా, నేను లేకుంటే తినడు" అని నాతో చెప్పినప్పుడు ఆ గొంతులో బాధతో పాటు కొంచెం గర్వం కూడా ఉంది.

ఏర్పాట్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. అమ్మ లేకపోతే తినడు అని అందరూ తీర్మానించేస్తారు. తల్లి, హోమ్, చుట్టాలు ముగ్గురికీ ఆ మాట సౌకర్యమే. మేం మాత్రం ఆ రాత్రి ఏం జరిగిందో హోమ్‌లో చూసుకునే అబ్బాయిని కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పించుకున్నాం. తేలింది ఏమిటంటే, చిన్నోడి కుర్చీ ఇంట్లోనే ఉండిపోయింది. నడుముకు రెండు పక్కలా దిండ్లు, కాళ్ళ మధ్య దిమ్మ, పాదాలకు పట్టీలు ఉన్న పెద్ద కుర్చీ అది. మడతపడదు, ఆటోలో పట్టదు. హోమ్‌లో మామూలు వీల్‌చైర్‌లో పక్కకు జారిపోతుంటే మంచం మీద దిండ్లకు ఆనించి, సగం పడుకోబెట్టి తినిపించారు. తల వెనక్కి వాలితే పొలమారే ప్రమాదం ఎక్కువ. పైగా స్టీలు స్పూను. నోట్లో గట్టి వస్తువు తగలగానే దవడ దానంతటదే బిగుసుకోవడం ఇతనికి ఉంది. పళ్ళు బిగించాడంటే మొండికేశాడని అనుకున్నారు. ఇంట్లో ఆమె మెత్తటి ప్లాస్టిక్ స్పూను వాడుతుంది. ఎందుకని అడిగితే "వానికి గదే ఇష్టం" అంటుంది.

తల్లికి తెలిసినదంతా ఇలా చేతుల్లో ఉండిపోతుంది, మాటల్లోకి రాదు. నా మటుకు, చూసుకునేవాళ్ళకు విరామం ఏర్పాటు చేయడంలో మంచం వెతకడం చిన్న పని. ఈ చేతుల్లో ఉన్నదాన్ని ఇంకొకరి చేతుల్లోకి దించడమే పెద్ద పని. దానికి టైమ్ ఇవ్వని ఏర్పాటు మొదటి రాత్రే కూలుతుంది.

తర్వాత మూడు వారాలు అదే చేశాం. ఏం చేస్తావమ్మా అని అడిగితే "ఏముంది, తినిపిస్త, తానం పోస్త" అనేది. అందుకని అడగడం మానేసి, ఫోన్‌లో వీడియో తీసి ఆమెకే చూపించాం. ఇక్కడ ఎందుకు ఆగావు, ఈ చెయ్యి ఎందుకు ఇక్కడ పెట్టావు అంటే అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. అదంతా ఒక రూళ్ళ పుస్తకంలోకి ఎక్కింది. పప్పన్నం మెత్తగా పిసికి నెయ్యి వేయాలి, పెరుగన్నం చివర. గడ్డం కొంచెం కిందికి ఉండాలి. ముద్ద మింగాడో లేదో గొంతు కదలిక చూసి తెలుసుకోవాలి, నోరు చూసి కాదు. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. "ఊఁ ఊఁ" అని రెండుసార్లు అంటే బాత్రూమ్. సాగదీసి ఒక్కసారి అంటే తిప్పి పడుకోబెట్టమని. ఫిట్స్ మందు పొద్దున 8కి, రాత్రి 8కి. ఫిట్ వస్తే పక్కకు తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళం చెవులు చేతిలో పెట్టడాలు వద్దు, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే డాక్టర్ రాసిచ్చిన మిడజోలమ్ ముక్కులో స్ప్రే చేసి 108కి ఫోన్. చివరి పేజీ అంతా ఆమె సొంతంగా చెప్పి రాయించింది: కుక్కర్ పెట్టే ముందు గది తలుపు వెయ్యాలి.

హోమ్‌లో చూసుకునే అబ్బాయిని ఇంటికే పిలిపించాం. ఆమె చేస్తుంటే అతను చూడడం, తర్వాత అతను చేస్తుంటే ఆమె చూడడం. రెండోదే కష్టమైంది. ఊరికే కూర్చోవడం ఆమెకు రాదు. "తమ్ముడూ, గట్ల కాదు" అంటూ లేచేది. చివరికి ఆమె చేతికి ఒక బ్లౌజు, హుక్కులు ఇచ్చి కూర్చోబెట్టాం. కళ్ళు సరిగా కనపడక హుక్కులు కుట్టడానికి టైమ్ పట్టేది. ఆలోగా అబ్బాయి స్నానం పూర్తి చేసేవాడు.

రెండో ట్రయల్‌కు టాటా ఏస్ మాట్లాడాం, కుర్చీ ఎక్కింది. చిన్నోడు మొదటి రాత్రి సగం తిన్నాడు, రెండో రాత్రి మొత్తం తిన్నాడు.

ఆషాఢం

తేదీ ఆమే పెట్టింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, బ్లౌజుల గిరాకీ ఉండదు. శ్రావణం వస్తే వరలక్ష్మీ వ్రతానికి, పెళ్ళిళ్ళకు ఊపిరాడదు, ఆలోగా మిషన్ మీద కూర్చోవాలి. ఇంకోటి, ఆషాఢం అంటే బోనాలు. వీధిలో డప్పులు, తీన్మార్ వస్తే చిన్నోడు రోజంతా ఉలిక్కిపడుతూనే ఉంటాడు. ప్రతి ఏడూ కిటికీలు మూసి, అతని చెవులకు చేతులడ్డం పెట్టుకుని కూర్చునేదట. మేం వేసే ప్లాన్లలో ఆసుపత్రి తేదీలూ మంచం ఖాళీలూ ఉంటాయి కానీ ఇలాంటి లెక్కలు ఉండవు. ఇంటివాళ్ళే చెప్పాలి.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు చిన్నోడు హోమ్‌కు వెళ్ళాడు, రెండు వారాలు ఉన్నాడు. ఆపరేషన్ ఉచితంగానే అయింది. మొదటి వారం కూతురు వచ్చి తల్లికి చుక్కల మందు వేసింది. రోజుకు రెండుసార్లు వీడియో కాల్ అని నియమం పెట్టాం. పొద్దున స్నానమయ్యాక ఒకటి, రాత్రి మందు వేశాక ఒకటి. ఆమె ఇంకా ఎక్కువ చేసింది, హోమ్ వాళ్ళు ఓపిక పట్టారు. మధ్యలో ఒకసారి చిన్న ఫిట్ వచ్చింది, రెండు నిమిషాల్లో తగ్గింది. దాచకుండా వెంటనే చెప్పారు. దాచి ఉంటే ఈ ఏర్పాటు అక్కడితో సరి. మిగతా రెండు వారాలు చిన్నోడు ఇంట్లోనే. పొద్దున పూట స్నానానికి, సాయంత్రం మంచం మీదికి మార్చడానికి ట్రస్టు పెట్టిన అటెండర్ వచ్చేవాడు. మరిది తను రాసిన మూడు రోజులూ వచ్చాడు, ఒక రోజు ఎక్కువే వచ్చాడు.

డబ్బు సంగతి. హోమ్ ఖర్చులో సగం మా ట్రస్టు, సగం కూతురూ మరిదీ పెట్టుకున్నారు. అటెండర్ జీతం ట్రస్టు ఇచ్చింది. టాటా ఏస్ కిరాయి ఏ పద్దులో రాయాలో తెలియక మా అకౌంటెంట్ నన్ను తిప్పించాడు. మా బడ్జెట్‌లో పేషెంట్ ప్రయాణానికి గడి ఉంది, కుర్చీ ప్రయాణానికి లేదు. కుర్చీ లేకుండా పంపితే ఏమవుతుందో మొదటి ట్రయల్‌లో చూశాం కాబట్టి ఆ గడి ఇప్పుడు పెట్టించాం.

కుడి కంటి చూపు బాగా వచ్చింది, దారం తనే ఎక్కిస్తోంది. మూడు నెలల తర్వాత జారిట్ మళ్ళీ అడిగితే 44 వచ్చింది. ఇంకా చేయాల్సిందనిపిస్తుందా అన్నదానికి ఇప్పటికీ నాలుగే. అది తగ్గించాలని మేం అనుకోవడం లేదు. తగ్గింది ఇంకోచోట: నేను తప్ప ఇంకెవరూ లేనట్టు వాడు నా మీదే ఆధారపడ్డాడనే భావం నాలుగు నుంచి రెండుకు వచ్చింది.

ఆపరేషన్ అనే సాకు అయిపోయింది కాబట్టి అసలు పని ఇప్పుడే మొదలైందని నా ఉద్దేశం. పెద్ద విరామం ఒకటి ఇచ్చి వదిలేస్తే ఆర్నెల్లలో మళ్ళీ మొదటికే వస్తుంది. అటెండర్‌ను బుధ, శనివారాలు పొద్దున పూట రెండు గంటల పాటు వచ్చేలా కొనసాగించాం. మొదట్లో ఆమె ముందు గదిలోంచే కేకలేసి సలహాలు చెప్పేది. అక్కా, నువ్వు ఇంట్లో ఉంటే నాకు పని కాదు అని అతనే చెప్పేశాడు. ఇప్పుడు ఆ టైమ్‌లో ఈసీఐఎల్ చౌరస్తాకు వెళ్ళి లైనింగ్ గుడ్డ, దారాలు తెచ్చుకుంటోంది. దాన్ని విరామమని ఆమె అనదు, మేమూ అనం.

మొన్న వెళ్ళినప్పుడు ఘరోందా గురించి తనే అడిగింది. తన తర్వాత చిన్నోడి సంగతి. ఏడాది కిందట ఆ మాట ఎత్తితే ఇంట్లోంచి లేచి పొమ్మనేదే. కూతురూ మరిదీ కూడా ఉన్నప్పుడు మాట్లాడదామన్నాను. గార్డియన్‌షిప్ దరఖాస్తు కమిటీ ముందుంది, అది వచ్చాకే ఆ దారిలో ఏదైనా ముందుకు కదిలేది. ఎడమ కంటికి ఆపరేషన్ పుష్యమాసంలో అనుకుంటున్నాం. అప్పుడూ పెళ్ళిళ్ళుండవు. హోమ్‌లో మంచం చెప్పి ఉంచాం, టాటా ఏస్ అతని నంబర్ ఆమె దగ్గరే ఉంది.